ఆకాశమునుండి దిగు విద్య

మొన్న తొమ్మిదవ తరగతిలో సుందరకాండ కథ చెప్పుచుండగా, హనుమంతుడు మహేంద్రగిరి మీదనుండి సముద్రమును లంఘించిన ఘట్టము వచ్చినది. వెనుక వరుసలోని యొక విద్యార్థి లేచి, “సార్, ఇప్పుడు విమానంలోనుండి దూకేవాళ్ళున్నారు కదా! అది నేర్చుకోవాలంటే ఎంత డబ్బవుతుంది? మనలాంటివాళ్ళకు వీలవుతుందా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. ప్రశ్న యడిగినవాడు నవ్వకున్నపుడు ఉపాధ్యాయుడును నవ్వరాదు. ఆ దినమున మాకు సమాధానము తెలియదు; తెలిసికొని చెప్పెదమంటిమి. ఆ మాట చెల్లించుకొనుటకే యీ వ్యాసము.

మొదటనే యొక సంగతి చెప్పవలెను. మేము విమానమునుండి దుమికినవారము కాము. ఈ విద్యను నేర్పు సంస్థలవారు ప్రకటించిన నియమములను, దీని చరిత్రను చదివి, మాకు నిశ్చయముగా తెలిసినంత వరకే యిట వ్రాయుచున్నాము.

విమానమునుండి దుమికి, కొంత దూరము స్వేచ్ఛగా పడి, పిదప పారాచూటు విప్పుకొని నేలకు దిగు క్రీడకు స్కైడైవింగ్ అని పేరు. పారాచూటు అనగా గాలిగొడుగు. 1797వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన ఫ్రాన్సు దేశస్థుడగు గార్నెరిన్ పారిస్ నగరముపై బెలూనునుండి గుడ్డ గొడుగుతో దిగెను. ఆ గొడుగు నడినెత్తిన గాలి పోవుటకు రంధ్రము లేనందున అది ఊయలవలె ఊగినది. అయినను ఆయన ప్రాణముతో నేల చేరెను. మనుష్యుడు గాలిలో స్వేచ్ఛగా పడునపుడు స్పృహ తప్పునని, తన చేతితో గొడుగు విప్పుకొనలేడని చిరకాలము పలువురు నమ్మిరి. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ ఇర్విన్ అను యువకుడు విమానమునుండి దుమికి, కొంత పడి, తన చేతితోనే త్రాడు లాగి గొడుగు విప్పుకొనెను. నేల చేరునపుడు ఆయన చీలమండ విరిగినది గాని, స్పృహ తప్పునను భయము మాత్రము ఆనాటితో తీరినది.

పడుట యనగా నేమో ముందు తెలిసికొందము. పడు వస్తువు వేగము క్షణక్షణము పెరుగునని మీరు సామాన్యశాస్త్రమున చదివితిరి. కాని గాలి యడ్డగించుట చేత ఆ వేగము ఎల్లకాలము పెరుగదు. గాలి యడ్డగింపు శరీరపు బరువుకు సమానమైనపుడు వేగము నిలకడ చెందును. బోరగిల పరుండినట్లు చేతులు కాళ్ళు చాపి పడువానికి ఆ వేగము గంటకు సుమారు 120 మైళ్ళు, అనగా 190 కిలోమీటర్లకు పైమాట. మొదటి 10 సెకండ్లలో మనిషి సుమారు 1,000 అడుగులు పడును. ఆ పిమ్మట ప్రతి 1,000 అడుగులకు ఐదున్నర సెకండ్లు మాత్రమే పట్టును. 13,000 అడుగుల యెత్తున విమానమును విడిచి, 5,500 అడుగుల వద్ద గొడుగు విప్పువాడు ఎంతసేపు పడును? కాగితముపై లెక్క వేసి చూడుడు. 46 సెకండ్లకు అటునిటుగా వచ్చును. ఈ ఒక్క నిమిషమైనను నిండని కాలము కొరకే విద్యార్థి దినముల తరబడి శ్రమపడును.

ఈ విద్యను ఆరంభించుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది స్టాటిక్ లైను పద్ధతి. పారాచూటునకు కట్టిన యొక పట్టీ రెండవ కొస విమానమునకు తగిలింపబడి యుండును. మనిషి దుమికినంతనే ఆ పట్టీ బిగిసి గొడుగును లాగి విప్పును. సైనికులు తరతరములుగా నేర్చుకొనుచున్నది ఈ విధముగనే. 1959లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, ఆరెంజ్ అను ఊరిలో జాక్ ఇస్టెల్ అనునాయన క్రీడా పారాచూటు కేంద్రమును స్థాపించి, సామాన్య పౌరులకును ఈ పద్ధతినే నేర్పించెను.

రెండవది టాండెమ్ పద్ధతి. ఇందు శిక్షకుడును విద్యార్థియు ఒకే పెద్ద పారాచూటుతో దిగుదురు. తల్లి కోతి పొట్టను పిల్ల కోతి కరచుకొనినట్లు, విద్యార్థి శిక్షకుని ముందువైపున బలమైన కొక్కెములతో బంధింపబడును. అరగంట బోధన చాలును, కష్టమంతయు శిక్షకునిదే. ఒక్కసారి రుచి చూచుటకు ఇది మంచిది. విద్య సంపాదింపదలచినవాడు ఇచ్చటనే ఆగిపోరాదు.

మూడవది 1980 దశకపు ఆరంభమున అమెరికాలో వ్యాప్తిలోనికి వచ్చిన పద్ధతి. దానిని ఏ.ఎఫ్.ఎఫ్. అందురు, త్వరితముగా స్వేచ్ఛాపతనము నేర్పు పద్ధతియని అర్థము. ఇందు విద్యార్థి మొదటి దుముకునందే తన సొంత పారాచూటు ధరించును. ఇద్దరు శిక్షకులు ఇరువైపుల పట్టుకొని అతనితో కూడ పడుదురు. విద్యార్థి నిర్ణీతమైన యెత్తున తన గొడుగును తానే విప్పుకొనవలెను. నిలకడ కుదిరిన పిమ్మట ఒక్క శిక్షకుడే వచ్చును. తరువాత విద్యార్థి ఒంటరిగా దుముకును. ఇట్లు కనీసము 25 దుముకులు ముగించి, పరీక్షలో నెగ్గినవానికి అమెరికా పారాచూటు సంఘమువారు మొదటి తరగతి లైసెన్సు నిత్తురు. ఆ సంఘపు నియమము ననుసరించి 18 సంవత్సరములు నిండనివారు సాధారణముగా దుముకరాదు.

మొదటి దుముకునకు ముందు ఐదారు గంటలైనను నేలమీద పాఠము జరుగును. విమానపు ద్వారమున నిలుచు తీరు, నడుము ముందుకు వంచి శరీరమును విల్లువలె ఉంచు తీరు, నేల తాకునపుడు పాదములు మోకాళ్ళు జతపరచి ప్రక్కకు దొరలు తీరు, వీనినన్నిటిని మరల మరల చేయింతురు. పైకప్పునుండి వ్రేలాడు పట్టీలలో విద్యార్థిని కట్టి, “నీ గొడుగు చిక్కుపడినది, ఇప్పుడేమి చేయుదువు?” అని ప్రశ్నింతురు. చేయి ఆలోచనకంటె ముందు సరియైన పిడిని పట్టునంతవరకు ఆ ప్రశ్న ఆగదు. ఎక్కము అప్పగించుటవంటిదే యిదియు.

ఇచట మనవంటి వారికి సంబంధించిన మాట యొకటి కలదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరియొక భాష, పై చదువులలో ఇంగ్లీషు వాడవలసినవారు. ఈ శిక్షణ పెక్కుచోట్ల ఇంగ్లీషులో జరుగును. శిక్షకుడు చెప్పినది అర్థము కాకున్నను, సిగ్గుచేత తల యూపు నలవాటు మనలో పలువురికి కలదు. పరీక్షలో దాని ఫలితము నాలుగు మార్కులు తగ్గుట. అచట దాని ఫలితము వేరు. కావున “అర్థము కాలేదు, మరల చెప్పుడు” అను వాక్యమును ముందుగా నేర్చుకొనవలెను. పడునపుడు గాలి హోరులో ఏ భాషయు వినబడదు. అచట చేతి సైగలే భాష. బొటనవ్రేలు క్రిందికి చూపినచో నడుము వంచుమని, రెండు వ్రేళ్ళు చాచినచో కాళ్ళు చాపుమని, చూపుడు వ్రేలు చాచినచో వెంటనే గొడుగు విప్పుమని యర్థము. ఆ లోకమున తెలుగువానికిని ఇంగ్లీషువానికిని భేదము లేదు.

ఇక రక్షణ సామగ్రి సంగతి. విద్యార్థి వీపున ధరించు సంచిలో ఒకటి గాక రెండు పారాచూటులుండును. క్రింది భాగమున ప్రధానమైనది, పై భాగమున ఆపత్కాలపుది. ఈనాటి పారాచూటు గుండ్రని గొడుగు కాదు. గాలి దూరి ఉబ్బు అరలు గల దీర్ఘచతురస్రపు రెక్క. 1964లో డొమినా జాల్బర్ట్ రూపొందించిన రెక్కయే దీనికి మూలము. ఇది గాలిలో ముందుకు సాగును. రెండు చేతులలోని పిడులను లాగుచు కుడియెడమలకు త్రిప్పుకొనవచ్చును. నేల సమీపించినపుడు రెండు పిడులను ఒక్కసారి క్రిందికి లాగినచో వేగము తగ్గి, మెట్టు దిగినట్లు దిగవచ్చును. విద్యార్థుల కిచ్చు రెక్కలు 230 మొదలు 280 చదరపు అడుగుల వరకు వైశాల్యము గలవి. రెక్క పెద్దదైన కొలది నెమ్మదిగా సాగును, తప్పులను సహించును. చిన్నదైన కొలది వడిగా పోవును, తప్పును క్షమింపదు.

ఆపత్కాలపు పారాచూటును ఎవరుబడిన వారు మడువరాదు. ప్రభుత్వపు అనుమతి పొందిన పనివాడే మడిచి, దారము కట్టి, సీసపు ముద్ర వేయును. అమెరికాలో 180 దినముల కొకసారి, వాడినను వాడకున్నను, దానిని విప్పి పరీక్షించి మరల మడిచి తీరవలెను.

వీనికి తోడు మరికొన్ని సాధనములు కలవు. ప్రధాన గొడుగు చెడినపుడు దానిని వదలించుకొను పిడి కుడివైపున నుండును. అది లాగిన వెంటనే ఆపత్కాలపు గొడుగును తనంతట విప్పు పట్టీ యొకటి అమర్చబడి యుండును. మరియొకటి చిన్న యంత్రము. గాలి యొత్తిడిని బట్టి అది యెత్తును, పడు వేగమును క్షణక్షణము కొలుచుచుండును. మనిషి స్పృహ తప్పియో, మైమరచియో గొడుగు విప్పక, నేలకు సుమారు 750 అడుగుల వరకు అదే వేగముతో వచ్చినచో, ఆ యంత్రము బంధమును కోసి ఆపత్కాలపు గొడుగును తానే విడుదల చేయును. 1991లో జర్మనీ దేశమున హెల్ముట్ క్లోత్ తయారుచేసిన సైప్రెస్ అను యంత్రము ఈ జాతిలో ప్రఖ్యాతి చెందినది. ఎందరో ప్రాణములను కాపాడినది. ఇవి గాక, యెత్తు చూపు ఆల్టిమీటరు మణికట్టునకు, గట్టి శిరస్త్రాణము తలకు, అద్దములు కంటికి, శిక్షకుని మాట వినిపించు రేడియో చెవి వద్ద నుండును. గాలి గంటకు 14 మైళ్ళకు మించి వీచునపుడు విద్యార్థిని దుముకనీయరు. సామగ్రిని మూడుమారులు పరీక్షింతురు: ధరించుటకు ముందు, విమాన మెక్కుటకు ముందు, ద్వారము విడుచుటకు ముందు.

ఇన్ని యుండగా ఇక భయమేల యని మీరనవచ్చును. ఇచటనే అసలు విషయమున్నది. గొడుగు విప్పిన వెంటనే విద్యార్థి తల యెత్తి చూచి తనను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను: తెరచుకొన్నదా? సరియైన ఆకారమున నున్నదా? నేను త్రిప్పినట్లు తిరుగుచున్నదా? మూడింటికిని ఔనను జవాబు రానిచో, 2,500 అడుగుల యెత్తునకు దిగులోపల నిశ్చయించుకొనవలెను. కుడి పిడిని చూచి, పట్టి, లాగి చెడిన గొడుగును వదలవలెను. ఎడమ పిడిని చూచి, పట్టి, లాగి రెండవ దానిని విప్పవలెను. గంటకు 120 మైళ్ళ వేగమనగా సెకండునకు 176 అడుగులు. గొడుగు బొత్తిగా తెరచుకొననిచో 2,500 అడుగులు ముగియుటకు పట్టునది 14 సెకండ్లు. మేము నల్లబల్లపై ఒక వాక్యము వ్రాయుటకు పట్టునంత కాలము. “ఇంకొంచెము చూతము, సరియగునేమో” అని యెదురుచూచినవానికి రెండవ గొడుగు ఉండియు లేనిదే యగును. యంత్రము కడపటి అండ మాత్రమే. దానిని నమ్మి నిర్ణయమును వాయిదా వేయుమని ఏ శిక్షకుడును చెప్పడు.

అంకెలును ఈ మాటనే చెప్పుచున్నవి. 1961లో అమెరికాలో ఈ క్రీడయందు 14 మంది మరణించిరి. ఆనాడు దుముకువారి సంఖ్య మిక్కిలి తక్కువ. 2023లో అచట సుమారు 36 లక్షల 50 వేల దుముకులు జరుగగా 10 మంది మరణించిరి. అనగా సుమారు 3 లక్షల 65 వేల దుముకులకు ఒక మరణము. సామగ్రి ఎంత మెరుగైనదో దీనివలన తెలియును. కాని ఈ కాలపు మరణములలో పెక్కు, గొడుగు చక్కగా తెరచుకొని, ఏ లోపమును లేకుండగనే సంభవించుచున్నవి. అనుభవము గలవారు చిన్న రెక్కలు ధరించి, నేలకు దగ్గరగా వడిగా మలుపులు తిరుగుటయే వానికి ముఖ్యకారణములలో నొకటి. గుడ్డయు దారమును తమ పని తాము చేసినవి. తప్పినది మనిషి నిర్ణయము. కాళ్ళు చేతులు విరుగుటలు మరణములకంటె ఎంతో హెచ్చు. అపాయమే లేదని చెప్పు శిక్షకుడు ఎదురైనచో వాని వద్ద నేర్చుకొనకుడు.

ఇప్పుడు మన విద్యార్థి అడిగిన ఖర్చు సంగతి. అమెరికాలో ఒక్కసారి టాండెమ్ దుముకునకు సుమారు 200 మొదలు 300 డాలర్లగును. ఏ.ఎఫ్.ఎఫ్. పద్ధతిలో నేల పాఠముతో కూడ మొదటి దుముకునకు సుమారు 250 నుండి 400 డాలర్లు. లైసెన్సు వరకు 25 దుముకులకు మొత్తము సుమారు 2,500 మొదలు 4,000 డాలర్లు. డాలరునకు 85 రూపాయలుగా లెక్కించినచో ఇది 2,12,500 మొదలు 3,40,000 రూపాయలు. విద్యార్థి సామగ్రి కొననక్కరలేదు. కేంద్రమువారే అద్దె కిత్తురు. లైసెన్సు వచ్చిన పిమ్మట ఒక్కొక్క దుముకునకు విమానపు చీటి సుమారు 30 డాలర్లు. సొంత సామగ్రి క్రొత్తది కొనదలచిన సుమారు 6,000 నుండి 9,000 డాలర్లు. అందు ప్రాణరక్షక యంత్రమొక్కటియే వేయి డాలర్లకు పైమాట. వాడినది కొనినచో ఇంచుమించు సగము వెల.

ఈ లెక్కలో కనబడని ఖర్చులు కొన్ని కలవు. గాలి వీచినను మేఘము క్రమ్మినను ఆ దినమున దుముకు లేదు. బస ఖర్చు మాత్రము తప్పదు. నెలల తరబడి మానినచో నేర్చినది మరుగుపడి, వెనుకటి పాఠము మరల కొనవలెను. పెక్కు సాధారణ భీమా పత్రములు ఇట్టి క్రీడలలోని గాయములకు వర్తింపవు. కావున సొమ్ము కొద్దిగా నున్నవాడు ఆరంభించుటకు తొందరపడక, ముగించుటకు చాలినంత కూడబెట్టి, ఒకే విడతలో నేర్చుకొనుట మేలు. చవకగా వచ్చినదని తన బరువునకు తగని చిన్న రెక్కను కొనుట అన్నిటికంటె ఖరీదైన బేరము.

ఇంత సొమ్ము మనకెక్కడిదని నిట్టూర్చకుడు. మన దేశమున హర్యానాలోని నార్నౌల్ వంటి చోట్ల పౌరులకు టాండెమ్ దుముకులు ఏర్పాటు చేయబడినవి. అవియు పాతికవేలకు పైమాట. కాని విద్యార్థికి వేరొక దారి కలదు. అది ఎన్.సి.సి. కళాశాలలో సీనియరు విభాగమున చేరిన బాలబాలికలలో దేహదార్ఢ్యము, క్రమశిక్షణ గలవారిని ఎంపిక చేసి, ఆగ్రాలోని పారాచూటు శిక్షణ పాఠశాలకు పంపుదురు. అచట సైనిక శిక్షకుల వద్ద నేలపై కఠినమైన అభ్యాసము ముగించి, వైమానిక దళపు విమానమునుండి స్టాటిక్ లైను పద్ధతిని దుముకుదురు. దుముకునకు అమెరికాలోవలె రుసుము చెల్లించు పనిలేదు. అచట చెల్లింపవలసినది చెమట. ఎంపిక కష్టము, అందరికిని అందదు. కాని డబ్బు లేదను కారణమున మూసివేయబడిన ద్వారము కాదది.

బాలికలు ఇది మాకు కాదని అనుకొనరాదు. 1959లోనే గీతా చందా అను వైమానిక దళపు వైద్యురాలు పారాచూటుతో దుమికి, భారతీయ స్త్రీలలో ఆ పని చేసిన మొదటివారైరి. 1979లో ఆగ్రాలోనే మొదటి దుముకు దుమికిన రేచల్ థామస్ దేశవిదేశముల దుమికి, 2002లో ఉత్తర ధ్రువమున దిగి, 2005లో పద్మశ్రీ పొందిరి.

ఆ బాలునికి ఇప్పుడు మా జవాబు. నాయనా, నీకు వీలగును. కాని నేడు కాదు. 18 ఏండ్లు నిండుటకు ఇంకను వ్యవధి యున్నది. ఈలోపల ప్రతిదినము పరుగెత్తుము, తాడెక్కుము. కళాశాలలో చేరిననాడే ఎన్.సి.సి.లో పేరు వ్రాయించుము. అర్థము కానిదానిని అర్థము కాలేదని అడుగుట ఈ తరగతిలోనే అలవరచుకొనుము. ఆ అలవాటు నీకు అప్పుడే కొంత యున్నది. తరగతి నవ్వుచుండగా లేచి ప్రశ్న యడిగి, నవ్వకుండ నిలిచితివి. నీవు దుముకు దినమున, ద్వారము విడుచుటకు ముందు సామగ్రిని మూడవమారు పరీక్షించుట మరువకుము. దిగిన పిమ్మట మాకొక కార్డు ముక్క వ్రాయుము, తెలుగులోనే వ్రాయుము. దానిని ఈ పత్రికలోనే అచ్చు వేయింతుము.